భార్య పౌరసత్వం, భర్త బాంకు ఖాతా

(ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనకు అమెరికా పన్ను ఫారాలతో ఏం పని అని మీలో కొందరికైనా అనిపించవచ్చు. పన్నులనేవి డబ్బున్నవాళ్ళ గొడవ, అందులోనూ అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్ళ కష్టాలకు మనం కన్నీళ్ళు కార్చాలా అని కూడా అనుకోవచ్చు. కానీ ఒక చట్టాన్ని ఎవరిని చూపించి చేశారు, అది చివరికి ఎవరికి తగులుతోంది అనే ప్రశ్న మనకు కొత్త కాదు. కోట్లు దాచుకున్న ధనవంతుల్ని పట్టుకోవడానికని చేసిన చట్టం వేరే దేశంలో కాపురం చేసుకుంటున్న మామూలు స్త్రీ బాంకు పుస్తకం దాకా వచ్చింది. ఎలా వచ్చిందో, వచ్చి ఏం చేస్తోందో చెప్పడమే ఈ రోజు నా ప్రయత్నం.

ముందు చట్టం సంగతి చూద్దాం. దాదాపు అన్ని దేశాలూ తమ గడ్డ మీద నివసించేవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేస్తాయి. అమెరికా మాత్రం తన పౌరులు ఎక్కడ ఉన్నా, ఎక్కడ సంపాదించినా, ఆ ఆదాయమంతా తనకు చెప్పాలంటుంది. ఈ పద్ధతికి మూలం 1860లలో, అంతర్యుద్ధ కాలంలో ఉంది. మెక్సికోలో నివాసముంటున్న పౌరుడి దగ్గర కూడా పన్ను తీసుకోవచ్చని 1924లో ఆ దేశ సుప్రీంకోర్టు ‘కుక్ వర్సెస్ టైట్’ కేసులో చెప్పింది. ఇలాంటి పద్ధతి ఉన్న మరో దేశం పేరు చెప్పమంటే సాధారణంగా ఎరిట్రియా పేరు చెబుతారు.

1970లో వచ్చిన బాంక్ సీక్రసీ చట్టం దీనికి మరో బాధ్యత చేర్చింది. విదేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే వాటి వివరాలన్నీ విడిగా ఒక నివేదికలో ఇవ్వాలి. దీన్నే ఎఫ్‌బార్ అంటున్నారు. డబ్బు మనది కాకపోయినా, ఆ ఖాతాలో సంతకం చేసే అధికారం ఉంటే చాలు, అదీ ఈ లెక్కలోకి వస్తుంది. పన్ను ఒక్క డాలరు కూడా కట్టనక్కరలేనివాళ్ళు సైతం ఈ నివేదిక ఇవ్వాల్సిందే.

చాలాకాలం ఈ నిబంధన విదేశాల్లో ఉండే మామూలువాళ్ళకు తెలియనే తెలియదు. 2009లో స్విట్జర్లండుకు చెందిన యూబీఎస్ బాంకు, అమెరికన్లు పన్ను ఎగ్గొట్టడానికి సాయపడిన వ్యవహారంలో 78 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ మరుసటి ఏడాది, 2010 మార్చి 18న, ఫాట్కా అనే చట్టం వచ్చింది. ఇది నేరుగా ప్రపంచంలోని బాంకులకే పని అప్పగించింది. మీ దగ్గరున్న అమెరికన్ల ఖాతాలు వెతికి మాకు చెప్పండి, చెప్పకపోతే అమెరికా నుంచి మీకు రావలసిన కొన్ని చెల్లింపుల్లో 30 శాతం మినహాయించుకుంటాం అన్నది దీని సారాంశం. అంత పెద్ద ఆర్థిక వ్యవస్థను కాదనగలిగిన బాంకు ఏది? భారత ప్రభుత్వం కూడా 2015 జులై 9న ఒప్పందం మీద సంతకం చేసింది. 2014 జులై నుంచి 2015 ఆగస్టు దాకా తెరిచిన ఖాతాల వాళ్ళు 2017 ఏప్రిల్ 30లోగా ధ్రువీకరణ ఇవ్వకపోతే ఖాతా స్తంభింపజేస్తామని మన దగ్గర చాటింపు వేశారు. మీరు పుట్టిన దేశం ఏది, వేరే దేశంలో పన్ను బాధ్యత ఉందా అని మన బాంకు ఫారాల్లో కనిపించే ప్రశ్నలకు మూలం ఇదే.

ఇప్పుడు స్త్రీల సంగతికి వద్దాం. చట్టంలో ‘స్త్రీ’ అనే మాట ఎక్కడా లేదు. ఉన్నది ‘వ్యక్తి’ మాత్రమే. కానీ ఆ వ్యక్తి నిలబడి ఉన్నది కుటుంబంలో. కుటుంబంలో డబ్బు ఎవరి పేరున ఉంటుంది, ఎవరు సంపాదిస్తారు, ఎవరు సంతకం పెడతారు అన్నవి సమానంగా పంచినవి కావని మనకు తెలుసు. అందుకే అందరికీ ఒకటేనని చెప్పే నియమం అందరికీ ఒకేలా తగలదు.

మొదటిది ఉమ్మడి ఖాతా. భార్య అమెరికా పౌరురాలు, భర్త కాదు, ఇద్దరూ జర్మనీలోనో భారతదేశంలోనో ఉంటున్నారు అనుకుందాం. ఇద్దరి పేరునా ఉన్న ఖాతాలో వేసేది భర్త జీతమే అయినా, ఆ ఖాతా మొత్తం విలువను ఆమె తన నివేదికలో చూపాలి. ఉమ్మడి ఖాతాదారు ఎవరో కూడా రాయాలి. అమెరికాతో ఏ సంబంధమూ లేని భర్త లెక్కలు భార్య ద్వారా ఆ ప్రభుత్వానికి చేరతాయి. అప్పుడు ఇంట్లో వచ్చే సులువైన ఆలోచన ఏమిటి? “నీ పేరు తీసేద్దాం.” ఖాతాలోంచి, తాకట్టు కాగితాల్లోంచి, ఒక్కోసారి వ్యాపారంలోంచి కూడా ఆమె పేరు పోతుంది. బాంకులో తన పేరున ఖాతా ఉండాలని, ఇంటి ఆస్తిలో తన పేరు ఉండాలని మనం ఇన్నేళ్ళుగా అడుగుతున్నాం. ఇక్కడ అదే పేరు కుటుంబానికి భారంగా మారుతోంది. ఆ కాపురం చెడితే తనదని చూపడానికి ఆమె దగ్గర కాగితం ముక్క ఉండదు. హింస భరించలేక బయటికి వద్దామనుకునే స్త్రీకి ముందు కావలసింది తన పేరున ఉన్న ఒక ఖాతా అని సహాయ కేంద్రాల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

రెండోది 5 డాలర్ల సంగతి. 2024 సంవత్సరానికి 65 ఏళ్ళు నిండని అవివాహిత, ఆదాయం 14,600 డాలర్లకు చేరితేనే రిటర్ను వేయాలి. కానీ విదేశీయుణ్ణి పెళ్ళి చేసుకుని తన రిటర్ను విడిగా వేసే స్త్రీకి ఆ పరిమితి 5 డాలర్లు. నేను పొరపాటు పడలేదు, అక్షరాలా అయిదే. పొదుపు ఖాతా మీద నాలుగు వందల రూపాయల పైచిలుకు వడ్డీ వచ్చినా ఆ పరిమితి దాటినట్టే. ఉమ్మడిగా వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు. కానీ అప్పుడు ఆ విదేశీ భర్త ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అదంతా అమెరికా పన్ను లెక్కలోకి వస్తుంది. అందుకు అతను ఒప్పుకోవాలి. అంటే ఆమె చట్టానికి ఎలా లోబడాలన్నది కూడా భర్త అంగీకారం మీద ఆధారపడుతుంది.

మూడోది ‘ఆర్జించిన ఆదాయం’ అనే మాట. విదేశంలో చేసే ఉద్యోగం మీద వచ్చే జీతంలో 2025కు 1,30,000 డాలర్ల దాకా మినహాయింపు కోరవచ్చు. కనుక మంచి ఉద్యోగంలో ఉన్న మగవాడికి చాలాసార్లు పన్నే ఉండదు. మరి ఇల్లు చూసుకుంటూ బతికిన స్త్రీకి చివరికి మిగిలేది ఏమిటి? డిపాజిట్ల మీద వడ్డీ, ఇంటి అద్దె, భర్త పోయాక వచ్చే కుటుంబ పింఛను. ఇవి ‘ఆర్జించినవి’ కావు, కనుక ఆ మినహాయింపు వీటికి లేదు. స్థానికంగా కట్టిన పన్నును తగ్గించుకునే మరో దారి ఉంది గానీ, స్థానికంగా పన్నే లేని ఆదాయానికి అది పనికిరాదు. మన దేశంలో పీపీఎఫ్ వడ్డీ మీద పన్ను లేదు, అక్కడ ఆ మినహాయింపును గుర్తించరు. మ్యూచువల్ ఫండ్ల మీద 1986 నాటి ప్రత్యేక నిబంధనలు, వాటికి విడిగా ఒక ఫారం. స్త్రీల అదృశ్య శ్రమను లెక్కించని ఆర్థికశాస్త్రం గురించి మనం చాలా రాశాం. ఆ శ్రమ అదృశ్యమే, దాని చివర మిగిలిన నాలుగు రూపాయలు మాత్రం కనిపిస్తాయి!

ఇదంతా ఎక్కడో జరిగేదని అనుకోకండి. హైదరాబాదులో నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. అమ్మాయి అమెరికాలో పుట్టింది. మూడేళ్ళప్పుడు తల్లిదండ్రులు తిరిగి వచ్చేశారు. తమ్ముడు ఇక్కడే పుట్టాడు. ఆమెకు పాతికేళ్ళు వచ్చి, పెద్దవాళ్ళు ఆమె పేరున వేసిన డిపాజిట్లను చూసుకుంటుంటే, బాంకు ఫారంలో పుట్టిన దేశం దగ్గర కథ మొదలైంది. లెక్కల మనిషి చెప్పింది విని తండ్రి అన్న మాట ఇది: “అమ్మలూ, ఈ తలనొప్పంతా నీకెందుకు? తమ్ముడి పేర వేసేద్దాం. వాడి పేర ఉంటే నీ పేర ఉన్నట్టే కదా.” ఆయన చెడ్డవాడు కాదు, కూతురిమీద ప్రేమ లేనివాడూ కాదు. కానీ తమ్ముడి పేర ఉంటే అక్క పేర ఉన్నట్టు కాదని మనకు తెలుసు. 1986లో ఆంధ్రప్రదేశ్‌లోను, 2005లో దేశమంతటా చట్టం మార్చుకుని ఆడపిల్లకు సమాన వాటా తెచ్చుకున్నది అందుకే కదా. ఆ వాటా ఇప్పుడు ఒక విదేశీ ఫారం పేరు చెప్పి వెనక్కి పోతోంది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఫారాలు నేనే నింపుకుంటాను, నా పేరు ఉండనివ్వండి అంది.

పిల్లలు గ్రీన్ కార్డు తీసి ఇస్తే కొన్నాళ్ళుండి, మనసు నిలవక గుంటూరుకో కరీంనగరుకో తిరిగి వచ్చిన తల్లుల సంగతీ ఇలాంటిదే. కార్డు మీద గడువు తీరినంత మాత్రాన పన్ను బాధ్యత తీరదు. దాన్ని పద్ధతి ప్రకారం వదులుకోవాలి. ఆ మాట ఆమెకు చెప్పినవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇక్కడ కొంచెం చరిత్ర గుర్తు చేసుకోవాలి. 1907 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్ళాడిన స్త్రీ పౌరసత్వం పోయేది. కాలిఫోర్నియాలో స్త్రీల ఓటు కోసం పనిచేసిన ఎథెల్ మెకెంజీ, ఓటు హక్కు వచ్చాక పేరు నమోదు చేసుకోవడానికి వెళితే, నీ భర్త బ్రిటిషువాడు, నువ్వు పౌరురాలివి కాదు పొమ్మన్నారు. 1915లో సుప్రీంకోర్టు కూడా అదే సరి అంది. 1922 నాటి కేబుల్ చట్టం ఈ అన్యాయాన్ని కొంత సరిదిద్దింది. కానీ పౌరసత్వానికి అనర్హుడైన మగవాణ్ణి పెళ్ళాడితే మాత్రం పోతూనే ఉండేది. 1923లో థింద్ కేసు తీర్పుతో భారతీయులూ ఆ అనర్హుల్లో చేరారు. అంటే భారతీయుణ్ణి పెళ్ళాడిన అమెరికా స్త్రీకి దేశం లేకుండా పోయే ప్రమాదం 1931లో సవరణ వచ్చేదాకా ఉంది. అదే 1931లో లండన్‌లో పుట్టిన అమెరికన్ మహిళా సంఘాల సమాఖ్య విదేశాల్లోని స్త్రీల పౌరసత్వం గురించి పోరాడింది. ఇప్పుడు పన్నులు, బాంకు ఖాతాల గురించీ అడుగుతోంది. అప్పుడు పెళ్ళి ఆమె పౌరసత్వాన్ని తీసేసేది. ఇప్పుడు పౌరసత్వం ఆమె పెళ్ళిలోకి, ఖాతాలోకి వచ్చి కూర్చుంటోంది. రెండు చోట్లా ఆమెను భర్తకు విడిగా ఒక మనిషిగా చూడలేదు.

పౌరసత్వం వదులుకుంటే సరిపోదా అంటారు. ఆ దరఖాస్తు రుసుమును 2014లో 450 డాలర్ల నుంచి 2,350కి పెంచారు. తగ్గిస్తామని 2023లో ప్రతిపాదించారు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. అమెరికాలో ముసలి తల్లి ఉన్న స్త్రీ, పిల్లలు అక్కడ చదువుతున్న స్త్రీ ఆ దారి మూసుకోగలదా? హక్కును భరించలేక వదులుకోవడాన్ని స్వేచ్ఛ అనలేం.

తెలియక తప్పిన వాళ్ళ మీద జరిమానాలు ఎలా ఉంటాయో బిట్నర్ కేసు చెబుతుంది. రుమేనియాలో ఉన్న ఆ మనిషి అయిదేళ్ళు నివేదికలు సకాలంలో ఇవ్వలేదు. ఖాతాకొక్కటి చొప్పున లెక్కేసి ప్రభుత్వం 27 లక్షల డాలర్లు అడిగింది. 2023లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, జరిమానా ఖాతాకు కాదు, నివేదికకు అని చెప్పింది. మొత్తం 50,000కు దిగింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను పన్నుకు వ్యతిరేకిని కాను. ధనవంతులు దాచే ప్రతి రూపాయీ ఒక బడి, ఒక ఆసుపత్రి లేకుండా చేస్తుంది. అవి లేని లోటు ముందు స్త్రీల మీదే పడుతుంది. దాచిన సొమ్ము బయటికి రావాలి. కానీ తాను బతుకుతున్న ఊళ్ళో ఉప్పూ పప్పూ కొనుక్కోవడానికి పెట్టుకున్న ఖాతా ‘విదేశీ ఖాతా’ ఎలా అవుతుంది? మరోవైపు, అనేక దేశాలు 2014 నుంచి ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి ఏర్పరచుకున్న ఉమ్మడి పద్ధతిలో అమెరికా చేరనే లేదు. అందరి లెక్కలూ అడిగే రాజ్యం తన లెక్కలు అదే స్థాయిలో ఇవ్వడం లేదు.

కనుక మన కోరికలు ఇవి. మనిషి నివసించే దేశంలోని ఖాతాను ఫాట్కా నివేదికల నుంచి మినహాయించాలి. ఆ దేశంలోనే పన్ను చెల్లింపుదారుల తరఫు అధికారిగా 2001 నుంచి 2019 దాకా పనిచేసిన నీనా ఓల్సన్ ఇలాంటి మినహాయింపునే సూచించింది. ఉమ్మడి ఖాతాలో పౌరురాలి వాటా మాత్రమే లెక్కించాలి. 5 డాలర్ల పరిమితి పోవాలి. నివాసం ఆధారంగా పన్ను వేయాలని 2024 డిసెంబరులో అక్కడి ప్రతినిధుల సభలో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. ఆ చర్చలో స్త్రీల గొంతు వినపడాలి. మన బాంకులు ఈ ఫారాలు తెలుగులో ఇచ్చి, సంతకానికి ముందు వివరించాలి.

మనం చేయగలిగిందీ ఉంది. మీ పేరున ఏమేం ఉన్నాయో మీరే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చదవకుండా ఏ ధ్రువీకరణ మీదా సంతకం చేయవద్దు. అమెరికా బయట ఉంటూ తెలియక తప్పినవాళ్ళు మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఖాతా నివేదికలు ఇచ్చి జరిమానా లేకుండా సరిచేసుకునే పద్ధతిని 2014లో సడలించారు. అది ఇప్పటికీ వర్తిస్తుందో లేదో తెలిసినవాళ్ళను అడిగి కనుక్కోండి. బంగారం, స్వయంగా మీ పేరునే ఉన్న ఇల్లు, పొలం ఈ ఖాతా నివేదికల్లోకి రావు, కనుక ఆ భయంతో వాటిని ఎవరి పేరుకూ మార్చవద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫారానికి భయపడి మీ పేరు తీయించుకోవద్దు. ఫారం నింపడం ఏడాదికి ఒక రోజు పని. పోయిన పేరును మళ్ళీ రాయించుకోవడానికి ఒక తరం పడుతుంది.