బడిబస్సు మీద నాయకుడి ప్రసంగం

పిల్లల్ని కలిపి చదివించడం మీద నాయకుడికి ప్రసంగం రాసేవారు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఏ పిల్లలు, ఏ బడికి, ఎంత దూరం వెళ్లాలి?

ముందు అమెరికా సంగతి చూడండి. నల్ల, తెల్ల పిల్లలకు వేరువేరు ప్రభుత్వ బడులు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 1954 మే 17న బ్రౌన్ కేసులో చెప్పింది. వారిని కలపడానికి దూరపు బడులకు బస్సుల్లో పంపడాన్ని 1971లో షార్లెట్ కేసులో సమర్థించింది. 1972 మార్చి 16న అధ్యక్షుడు నిక్సన్ టీవీలో మాట్లాడి, కోర్టులు కొత్తగా ఇచ్చే బస్సు ఉత్తర్వులను నిలిపేయాలన్నాడు. దాంతో చర్చంతా బస్సు చుట్టూ తిరిగింది, విడదీసిన బడుల సంగతి మరుగున పడింది.

అక్కడ పిల్లల్ని విడదీసింది రంగు అయితే, తెలంగాణలో విడదీసేవి ఫీజు, గురుకులం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు వేరువేరు గురుకులాలున్నాయి. వీటిని ఒకే ప్రాంగణంలోకి తెచ్చే సమీకృత గురుకులానికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా కొందుర్గులో శంకుస్థాపన చేశారు. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లివ్వాలన్న విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చినా, తెలంగాణలో ఆ నిబంధన ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు.

అదే జిల్లా మొయినాబాద్‌లో పొద్దున్నే చేవెళ్ల రోడ్డు పక్కన నిలబడితే అసలు సంగతి తెలుస్తుంది. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లల్ని ఎక్కించుకుని పసుపు బస్సులు పోతుంటాయి. అదే ఊరి సర్కారు బడి పిల్ల సంచీ భుజాన వేసుకుని ఆర్టీసీ బస్సు కోసం చూస్తుంటుంది. అంటే ఇక్కడ బస్సులు కొత్తగా రానక్కర్లేదు. ఉన్నవే పిల్లల్ని విడదీస్తున్నాయి. ప్రసంగంలో ఈ మాట లేకపోతే మిగతాదంతా దండగ.

ఇక్కడే కొత్తగా ప్రసంగాలు రాసేవారిని కాస్త మందలించక తప్పదు. ఫోన్లో కిలోమీటర్లు చూసి పేరా రాసేస్తే సరిపోదు నాయనా! 2025 నవంబరు 3న ఇదే దారిలో, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని ఎందరో చనిపోయారు, వారిలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. బిడ్డను దూరం పంపమని అడిగే నాయకుడు తల్లి భయానికి ముందు జవాబు చెప్పాలి. న్యాయం, సమానత్వం ఆ తర్వాత. ఈ పనిలో తల నెరిసినవారు బస్సు ఖర్చు, బయల్దేరే వేళ, తోడుండే ఆయా జీతం తేల్చుకున్నాకే మొదటి వాక్యం రాస్తారు. ఎదుటిపక్షం వేసే గట్టి ప్రశ్నను నాయకుడి నోటే అడిగిస్తారు.

రేపు ఏ నాయకుడికైనా ఇలాంటి ప్రసంగం రాయాల్సి వస్తే, కలం పట్టేముందు ఒక్క ఉదయం చేవెళ్ల రోడ్డు మీద ఆ పిల్లలతో బస్సెక్కండి.