పాత కెమెరా కొనబోయే ముందు
(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇరవై నిమిషాలు ఏదైనా మాట్లాడమని మన కార్యదర్శి అడిగారు. "నీకు బాగా తెలిసిన సంగతే చెప్పు, దేశాన్ని ఉద్ధరించే ఉపన్యాసాలు వద్దు" అని షరతు కూడా పెట్టారు. నాకు కాస్త తెలిసింది పాత రీలు కెమెరాలు. ఈ రెండు మూడేళ్లుగా మనవాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. "మా అమ్మాయికి రీలు కెమెరా కావాలట, ఏది కొనమంటావు?" అని ఒకరు. "మా నాన్నగారి కెమెరా బీరువాలో ఉంది, పనికొస్తుందా?" అని ఇంకొకరు. అందరికీ కలిపి ఈరోజు జవాబు చెప్పేస్తాను.

ఎనిమిదో తరగతిలో మన సైన్సు మాస్టారు అట్టపెట్టెకు సూదితో చిల్లు పెట్టి, వెనకవైపు నూనె రాసిన కాగితం అంటించి, కొవ్వొత్తి మంటను తలకిందులుగా చూపించారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఆ పెట్టెకు తమ్ముడే. ఒక చీకటి పెట్టె, వెలుతురు వచ్చే చోట ఒక అద్దం, ఆ వెలుతురును ఎంతసేపు రానివ్వాలో చూసుకునే ఒక తలుపు. కాబట్టి సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు కూడా మూడే. పెట్టె చీకటిగా ఉందా? అద్దం శుభ్రంగా ఉందా? తలుపు వేళకు మూసుకుంటోందా? పైన మెరిసే నికెల్, తోలు కేసు, కంపెనీ పేరు, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

ముందు పెట్టె సంగతి. వెనక మూత తెరవండి. మూత అంచుల్లో వెలుతురు చొరబడకుండా నల్లటి స్పాంజి పట్టీ ఉంటుంది. 1970లు, 80ల నాటి కెమెరాల్లో అది ఈపాటికి కరిగి తారులా వేలికి అంటుకుంటుంది. దానికి భయపడక్కర్లేదు. పాతది గీకేసి కొత్త పట్టీ వేయించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. మడత కెమెరా అయితే మాత్రం జాగ్రత్త. చీకటి గదిలోకి తీసుకెళ్లి, లోపల చిన్న టార్చి పెట్టి, బెలోస్ మడతల్ని బయటనుంచి చూడండి. చీకట్లో చుక్కల్లా వెలుగు కనిపిస్తే ప్రతి చుక్కా రేపు మీ ఫోటో మీద తెల్లమచ్చ అవుతుంది.

ఇక అద్దం. లెన్సుకు అటువైపు టార్చి వేసి, ఇటువైపునుంచి ఏటవాలుగా చూడండి. కాస్త దుమ్ము ఉంటే ఉండనివ్వండి, సన్న గీత ఒకటి ఉన్నా ఫరవాలేదు. సాలెగూడులాగా, చెట్టు వేళ్లలాగా సన్నని పోగులు కనిపిస్తే అది బూజు. మనలాంటి కోస్తా ఊళ్ల కెమెరాలకు ఇదే పెద్ద జబ్బు. కొత్తలో అయితే తుడిపించవచ్చు. ముదిరిన బూజు అద్దం పైపూతను తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. ఇంకో మాట. కెమెరాను ప్రాణంలా చూసుకుంటున్నామనుకుని తోలు కేసులో పెట్టి బీరువాలో దాస్తాం. ఆ తోలే చెమ్మ పట్టి ఉంచుతుంది. గాలాడేచోట, లేదా మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. నెలకోసారి బయటికి తీసి వాడండి.

మూడోది తలుపు, అంటే షట్టర్. ఇక్కడే ఎక్కువ కెమెరాలు దొరికిపోతాయి. లోపలి నూనె ఏళ్ల తరబడి ఎండి జిగురైపోతుంది. 1/500 సరిగ్గానే కొట్టినట్టుంటుంది, ఒక సెకను పెడితే మాత్రం నిద్రపోతుంది. అందుకని దుకాణంలో ముందు నెమ్మది వేగాలు పరీక్షించండి. మీ జేబులోనే పరికరం ఉంది. వెనక మూత తెరిచి, లెన్సును కిటికీ వైపు తిప్పి, వెనకనుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే, 1/30 దగ్గర షట్టర్ దాదాపు 8 ఫ్రేముల సేపు తెరుచుకుని కనిపించాలి. 1/15 దగ్గర 16. లెక్క తప్పితే షట్టర్ బద్ధకించిందన్నమాట. వేగంగా కొట్టేవి ఈ పద్ధతికి దొరకవు గాని, అసలు జబ్బు ఎక్కువగా నెమ్మది వేగాల్లోనే బయటపడుతుంది. సెల్ఫ్ టైమర్ జోలికి మాత్రం పోకండి. ఎన్నేళ్లనుంచో కదలని టైమర్‌ను తిప్పితే అది మధ్యలో ఆగి మొత్తం కెమెరానే బిగించేయవచ్చు.

బ్యాటరీ గది కూడా తెరిచి చూడండి. తెల్లటి, ఆకుపచ్చటి ఉప్పు పేరుకుని ఉంటే లోపలి తీగలదాకా పాకిందేమో అనుమానించాలి. పాత కెమెరాల్లో వేసే 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. వినికిడి యంత్రాల్లో వేసే 675 నంబరు జింక్ ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులిస్తుంది. చుట్టూ చిన్న రబ్బరు రింగు వేసి కూర్చోబెడితే మీటరు పనిచేస్తుంది. అసలు మీటరే చచ్చినా కెమెరా చచ్చినట్టు కాదు. మంచి ఎండలో 100 స్పీడు ఫిల్ముకు ఎపర్చరు 16, షట్టర్ 1/125. మన ఊళ్లో ఏడాదిలో తొమ్మిది నెలలు ఈ ఒక్క లెక్కతో నెట్టుకురావచ్చు.

ఏది కొనాలి అంటే, మొదటిసారి కొనేవాళ్లు మీటకూ బ్యాటరీకీ సంబంధం లేని కెమెరా కొనండి. పెంటాక్స్ కె1000 ఉంది. 1976లో వచ్చి 1997 దాకా తయారైంది. దానికి బ్యాటరీ కావలసింది మీటరుకు మాత్రమే. అంతా మరలతో నడిచే యంత్రం, అందుకే బాగుచేయడానికి వీలవుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో వచ్చినవి చూడ్డానికి నాజూకుగా ఉంటాయి, లోపలి సర్క్యూటు పోతే దానికి మారు దొరకదు. మీ ఇంటి అటక మీద ఆగ్ఫా క్లిక్ III ఉంటే పారేయకండి. మన దేశంలో, బరోడాలో తయారైన కెమెరా అది. ఒక రీలుకు 12 చదరపు ఫోటోలు. అది వాడే 120 రకం ఫిల్ము ఇప్పటికీ దొరుకుతోంది. ఒకప్పుడు ఊటీలో మన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారే 'ఇందు' పేరుతో ఫిల్ము చేసేవారు. ఇప్పుడు అన్నీ బయటినుంచి రావలసిందే. రంగుల రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు సునాయాసంగా దాటుతుంది. కెమెరా ధర అడిగేవాళ్లు ఈ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి. నలుపు తెలుపు అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు. కాకపోతే డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. మే నెలలో మన కుళాయి నీళ్ల సంగతి మీకు తెలిసిందే. నేను బేసిన్‌లో ఐసు ముక్కలు వేసుకుని కూర్చుంటాను.

ఎక్కడ కొనాలి? హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ, ఢిల్లీ చాందినీ చౌక్‌లో కూచా చౌధరి, ఇవి కాక ఫోన్‌లో కనిపించే ప్రకటనలు. ప్రకటనల భాష కొంచెం నేర్చుకోవాలి. "టెస్ట్ చేయలేదు" అంటే చాలాసార్లు టెస్ట్ చేశారనీ, పాసవలేదనీ అర్థం. "అలంకరణకు బావుంటుంది" అంటే షట్టర్ లేదు. "ఒక రీలు వేసి చూసి వారంలో తిరిగిస్తాను, ఒప్పుకుంటారా?" అని అడగండి. ఒప్పుకున్నవాడి దగ్గర నాలుగు డబ్బులు ఎక్కువైనా కొనండి.

అయితే మంచి కెమెరాలు ఎక్కువగా దుకాణాల్లో ఉండవు, ఇళ్లల్లో ఉంటాయి. పోయిన ఏడాది నేను కొన్న యాషికా మ్యాట్ 124జి అలాంటిదే. పైన ఒకటి, కింద ఒకటి రెండు లెన్సులుంటాయి, నడుము దగ్గర పట్టుకుని తల వంచి చూస్తారే, అది. 1970లో వచ్చిన మోడల్. మన గ్రూప్ ఫోటోలు తీసింది సరిగ్గా ఆ కెమెరాతోనే. స్టేషన్ రోడ్డులో స్టూడియో ఉండేది, గుర్తుందా? ముందు వరసలో మాస్టార్లకు కుర్చీలు, వెనకవాళ్లకు బెంచీలు వేయించి, "కదలొద్దు, కళ్లు మూయొద్దు" అని అరిచి, మనవైపు చూడకుండా పెట్టెలోకి తొంగి చూసేవారు ఆయన. ఆయన కాలం చేశారు. అదే గదిలో ఇప్పుడు వాళ్లబ్బాయి జిరాక్స్ షాపు నడుపుతున్నాడు. మన బడివాడే, నాకంటే నాలుగేళ్లు చిన్న.

రెండు వేలు చెప్పాడు. నేను ఇప్పుడు మీకు చెప్పిన పరీక్షలన్నీ చేశాను. కింది లెన్సు అద్దంలా ఉంది. ఒక సెకను నిద్రపోతోంది. మీటరు లేదు. అయినా రెండు వేలు దాని ధర కాదు. "తమ్ముడూ, దీన్ని కోఠీ తీసుకెళితే ఇంతకు నాలుగైదు రెట్లు వస్తుంది" అన్నాను. "కొనడానికొచ్చావా అన్నయ్యా, అమ్మిపెట్టడానికొచ్చావా?" అని నవ్వాడు. తొమ్మిది వేలకు ఖాయం చేసుకున్నాం. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు. వస్తువు విలువ కొనేవాడికి తెలిసి, అమ్మేవాడికి తెలియనప్పుడు జరిగేది బేరం కాదు. పైగా ఆ ఇంటివాళ్లు ఆ డబ్బాతో నలభై ఏళ్లు బతికారు.

డబ్బు లెక్కపెడుతూ అతను ఇంకోమాట అన్నాడు. "అటక మీద నాన్న నెగెటివ్‌ల పెట్టెలున్నాయి అన్నయ్యా, పాత ఎక్స్‌రేలు కొనేవాడు ఆదివారం వస్తానన్నాడు." ఫిల్ములోని వెండి కోసం వాళ్లు కొంటారు. నిచ్చెన వేయించి దింపించాను. కవర్ల మీద ఆయన దస్తూరీతో సంవత్సరం, తరగతి, సెక్షను రాసి ఉన్నాయి. మన బడివి 1974 నుంచి 1991 దాకా. ఆ 18 ఏళ్లలో 13 ఏళ్ల గ్రూప్ ఫోటోల నెగెటివ్‌లు చెక్కుచెదరలేదు. రెండేళ్లవి చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, వాటిని నేను విడదీయలేదు, ఆ పని తెలిసినవాళ్లే చేయాలి. మూడేళ్లవి లేవు. వీటికి ఎంతివ్వమంటావని అడిగితే అతను డబ్బు వద్దన్నాడు. "ఎక్కడ వేసినా కింద నాన్న పేరు వేయించు" అన్నాడు. మన స్వర్ణోత్సవ సంచిక సంపాదకులు అందుకు ఒప్పుకున్నారు.

అందుకే పాత కెమెరా కొనబోయేవాళ్లకు నా నాలుగో ప్రశ్న: ఇది తీసిన నెగెటివ్‌లు ఎక్కడున్నాయి? ఆరో నిజాం ఆస్థానంలో ఉన్న రాజా దీన్ దయాళ్ 1905లో పోయారు. ఆయన వాడిన కెమెరాల గురించి అడిగేవాళ్లు అరుదు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆనాటి హైదరాబాదు ముఖాలు, మేడలు మనకు తెలిసింది వాటివల్ల. మన స్టేషన్ రోడ్డు ఆయన మనకు దీన్ దయాళ్ కంటే తక్కువేమీ కాదు. ప్రతి ఊళ్లోనూ ఇలాంటి స్టూడియోలు మూతపడ్డాయి. వాటి అటకలు ఇప్పుడే ఖాళీ అవుతున్నాయి.

కెమెరాను హైదరాబాదులో డెబ్భై దాటిన ఒక మెకానిక్ బాగుచేశారు. షట్టర్ విప్పి కడిగి, మూడు వారాల్లో ఇచ్చారు. పని నేర్చుకోవడానికి ఎవరైనా వస్తున్నారా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. కెమెరా కొనే ఆలోచన ఉన్నవాళ్లు అలాంటి చేతులు పనిచేస్తుండగానే కొని, బాగుచేయించుకుని, వాడుకోండి. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకునే వస్తువు కాదిది.

చివరగా మీతో పని. ఆ 13 నెగెటివ్‌లనూ స్కాన్ చేసి పెద్దవిగా ప్రింట్లు వేయించాను. వెనక హాల్లో గోడకు పెట్టాం. అందులో 600కు పైగా ముఖాలున్నాయి. నాకూ మన కమిటీవాళ్లకూ కలిపి సగం పేర్లు కూడా తెలియలేదు. మాస్టార్లలో ముగ్గురిని, అటెండర్లలో ఇద్దరిని గుర్తుపట్టలేకపోయాం. ప్రతి ఫోటో పక్కన అంకెలు వేసిన కాగితం, పెన్సిలు ఉన్నాయి. భోజనాలకు వెళ్లేముందు మీ వరసలో మీకు ఇటూ అటూ ఉన్నవాళ్ల పేర్లు రాయండి. ఇంటిపేరుతో సహా రాయండి. గురువుగార్లను ముందుగా తీసుకెళ్లి కుర్చీల్లో కూర్చోబెట్టండి. వాళ్లకు మనకంటే ఎక్కువ పేర్లు గుర్తున్నాయని పొద్దున్నే తేలిపోయింది.

మీ ఇళ్లల్లో ఉన్న కెమెరాలు రేపు పదింటికి తీసుకొస్తే సైన్సు ల్యాబులో కూర్చుని చూస్తాను. టార్చి నేనే తెస్తాను.