బియ్యంలో బొటనవేలు కాదు, చూపుడువేలు

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తాం. మర్నాడు ఆ బియ్యం వంటింటికి, వాడి చేతికి పెన్సిలు! అంత తొందర ఎందుకో.

ఆ పళ్లేన్ని ఇంకొన్నాళ్లు ఉంచండి. బియ్యం బదులు ఉప్మారవ్వ అయితే గీత ఇంకా స్పష్టంగా పడుతుంది. తప్పు రాస్తే పళ్లెం ఒక్కసారి కుదిపితే చాలు, చెరిగిపోతుంది. 1907లో రోములో బడి తెరిచిన మరియా మాంటిస్సోరి కూడా గరుకు కాగితంతో అక్షరాలు చేయించి, పిల్లలచేత వేలితో తడిమించేది.

మన అక్షరాల్లో గుండ్రాలెక్కువ. వేలు ఎక్కడ మొదలై ఎటు తిరగాలో ముందు మీరు నెమ్మదిగా చూపించండి. ముగ్గుపిండితో గుమ్మం ముందు పెద్ద 'వ' వేసి, దాని మీద చింతపిక్కలు పేర్పించండి. పక్కన కొమ్ము తిప్పితే 'మ' అవుతుందని వాడే కనిపెడతాడు. 'మ'కీ 'వు'కీ తికమక పడతాడనుకోండి, పెద్దవాళ్లమూ పడ్డాం. మూడేళ్లలోపు పిల్లలకైతే పిక్కలు వద్దు, ముక్కులో దూర్చుకుంటారు.

ఇక శబ్దాలు. సంచిలో మరచెంబు, మల్లెపువ్వు, పలక వేయండి. ఒక్కోటి తీసి పేరు పలికించి, మొదట ఏం వినబడిందో అడగండి. మామిడికాయ మాత్రం తర్వాత. అది 'మా', దీర్ఘం.

ఈ సాయంత్రం పది నిమిషాలు చాలు. వాడికి విసుగు రాకముందే సంచి మూసేయండి.