జనం పెరిగారు సరే, గింజ సంగతేంటి?



ఈమధ్య సంతలో ఒకాయన నన్ను అడిగాడు: "జనాభా ఇలా పెరిగిపోతుంటే మీ కొండ చోళ్ళు, సామలు ఎవరికి చాలతాయి?" ఈ మాట మీకూ ఎదురయ్యే ఉంటుంది. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

1951లో దేశ జనాభా 36 కోట్లు, తిండిగింజలు సుమారు 5 కోట్ల టన్నులు. ఇప్పుడు జనం 140 కోట్లు దాటారు, పంట 33 కోట్ల టన్నులు దాటింది. జనం నాలుగు రెట్లయితే గింజ ఆరు రెట్లయింది. మరి మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి రక్తహీనత ఎందుకు పోలేదు?

ఆ పంట ఎలా వస్తోందో కూడా చూడండి. పంజాబ్‌లో ఏటా భూమిలోకి ఇంకే నీటికంటే బోర్లు తోడేసేదే ఎక్కువ. అది ఎన్నాళ్ళు నడుస్తుంది? మన చోడికి, సామకి వాన చాలు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. బియ్యంలో 10 అటూ ఇటూ, అంతే. పక్కన కంది వేస్తే నేలకి నత్రజని కూడా దక్కుతుంది.

అలాగని గొప్పలు పోవద్దు. పోడు నేలని మునుపటిలా ఏళ్ళ తరబడి వదలట్లేదు, దిగుబడి పడిపోతోంది. ఇంకో సంగతి మగవాళ్ళం మాట్లాడం: సామలు దంచే చాకిరీ అంతా ఆడవాళ్ళదే. రేషన్ బియ్యం రాగానే మా అమ్మ రోకలి మూలన పెట్టేసింది. ఆమెని తప్పుపట్టగలమా? పొట్టు తీసే మర ఊళ్ళో ఉంటే ఆ రోకలితో పనే ఉండదు.

2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకి 5 కిలోలు ఇవ్వాలంది. అందులో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలని కూడా రాశారు. అంటే మన చోళ్ళు మన దగ్గరే కొని మన డిపోలోనే ఇవ్వొచ్చు. గ్రామసభలో ఇది అడగండి, పొట్టు తీసే మర కూడా అడగండి, తీర్మానం రాయించండి. అటవీ హక్కుల పట్టా వచ్చిన చేలో జామాయిల్ వేయమని ఎవరైనా వస్తే, ఆ ఏడాది ఇంట్లో ఏం తింటారో ముందు లెక్కేయండి.

ఇటుకల పండక్కి విత్తనాలు బయటికి తీసినప్పుడు ఏ రకాలు మిగిలాయో అమ్మమ్మని అడిగి రాసుకోండి. మా ఇంట్లో సామలు రెండు రకాలే మిగిలాయి.