తాను వచ్చిన తలుపును తెరిచి ఉంచిన ఫ్లో హైమన్
(యవ్వనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం భోజనాలయ్యాక మనం చర్చి వెనక ఖాళీ స్థలంలో నెట్ కట్టుకుని వాలీబాల్ ఆడాం. నెట్‌కు ఈ పక్క ఆరుగురూ, ఆ పక్క ఆరుగురూ అబ్బాయిలే. చెల్లెళ్లలో కొందరు గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టారు, కొందరు వంటగిన్నెలు కడిగారు. మనలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. అందుకే ఈ పూట ఒక వాలీబాల్ క్రీడాకారిణి గురించి చెప్పుకుందాం.

ఆమె ఫ్లో హైమన్. 1954లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇంగిల్‌వుడ్‌లో, ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో రెండవ బిడ్డ. పన్నెండేళ్లకే ఆరడుగుల ఎత్తు, చివరికి ఆరడుగుల అయిదంగుళాలు. చిన్నప్పుడు సిగ్గుపడిన ఆ ఎత్తే నెట్ దగ్గర ఆమెకు బలమైంది. ఆమె స్మాష్‌కు ప్రత్యర్థులు భయపడేవారు.

1972లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. పేరు టైటిల్ నైన్. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ అనే వివక్ష చూపకూడదన్నది దాని సారాంశం. కళాశాల మైదానాల తలుపులు అమ్మాయిలకు కొద్దికొద్దిగా తెరుచుకుంటున్న ఆ రోజుల్లోనే ఫ్లో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్ అందుకున్న మొదటి మహిళ ఆమే.

1974లో చదువు ఆపి జాతీయ జట్టులోకి వెళ్లారు. ఆ తర్వాత పదేళ్లు ఎదురుచూపే. 1976 ఒలింపిక్స్‌కు జట్టు అర్హత సాధించలేదు. 1980లో అర్హత సాధించింది గానీ, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు వెళ్లినందుకు అమెరికా మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించింది. 1984లో, ఆమెకు ముప్పై ఏళ్లు నిండిన వేళ, పుట్టిన ఊరికి దగ్గర్లోని లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జట్టు రజతం గెలిచింది. ఫైనల్లో చైనా చేతిలో ఓడిపోయింది.

అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో టైటిల్ నైన్ పరిధిని బాగా కుదించింది. ఏ విభాగానికి నిధులు వస్తే ఆ విభాగానికే చట్టం వర్తిస్తుందంది. క్రీడా విభాగాలకు నేరుగా నిధులు రావు కాబట్టి అమ్మాయిల ఆటలకు రక్షణ పోయినట్టే. ఫ్లో కళాశాల రోజులు అప్పటికే ముగిశాయి, స్కాలర్‌షిప్ అందింది, పతకమూ వచ్చింది. ఊరుకుంటే ఆమెకు పోయేదేమీ లేదు. అయినా ఆమె వాషింగ్టన్ వెళ్లారు. కొరెట్టా స్కాట్ కింగ్, వ్యోమగామి శాలీ రైడ్ వంటివారితో కలిసి ఆ రక్షణను తిరిగి తెమ్మని ప్రజాప్రతినిధులను అడిగారు.

ఆ చట్టం రావడం ఆమె చూడలేదు. 1986 జనవరి 24న జపాన్‌లోని మత్సుయే పట్టణంలో మ్యాచ్ జరుగుతుండగా బెంచీ మీదే కుప్పకూలి చనిపోయారు. వయసు 31. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం చిట్లిందని శవపరీక్షలో తేలింది. కారణం మార్ఫాన్ సిండ్రోమ్. పొడవైన శరీరం, పొడవైన చేతులు, వేళ్లు దాని గుర్తుల్లో కొన్ని. ఆమె ఎత్తును లోకమంతా మెచ్చుకుంది గానీ, దాని వెనకున్న జబ్బును బతికుండగా ఎవరూ గుర్తించలేదు. తర్వాత ఆమె సోదరుడిని పరీక్షిస్తే అతనికీ అదే ఉందని తెలిసింది. శస్త్రచికిత్సతో అతను బతికాడు.

1987 నుంచి అమెరికాలో ఆమె జ్ఞాపకార్థం బాలికల, మహిళల క్రీడా దినం మొదలైంది. 1988లో అధ్యక్షుడు రీగన్ వీటో చేసినా, కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చి చట్టాన్ని నిలబెట్టింది. అమ్మాయిల ఆటలకు రక్షణ తిరిగి వచ్చింది.

మరి మన సంగతి? మన మైదానంలో అమ్మాయిలు ఆడకూడదని ఏ చట్టమూ లేదు. మన అలవాటే అడ్డుగా ఉంది. సేవకులమైన మేము కూడా ఇన్నేళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాం. ఆ తప్పు ఒప్పుకుంటున్నాం.

కాబట్టి తమ్ముళ్లారా, వచ్చే కూడికలో నెట్ మీరు కట్టండి, మొదటి ఆట చెల్లెళ్లది. ఆ పూట గిన్నెలు మనం కడుగుదాం. చెల్లెళ్లారా, మొదటి సర్వీసు నెట్‌కు తగిలినా ఫరవాలేదు, బంతి తీసుకుని మళ్లీ కొట్టండి.