మూడక్షరాల పట్టు
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

పండుగపూట రసాయన శాస్త్రమేమిటని మీలో కొందరనుకోవచ్చును. కాని మేము చెప్పబోయేది మన రక్తానికీ, మన పెండ్లిళ్ళకూ కూడా సంబంధించిన విషయము.

మన శరీరములోని కణములు చాలావరకు ఒకదానినొకటి, చుట్టూ ఉన్న అల్లికను పట్టుకొని నిలుస్తాయి. ఆ పట్టుకునే చేతులకు ఇంటిగ్రిన్లని పేరు. అవి దేనిని గుర్తుపట్టి పట్టుకుంటాయి? 1984లో కాలిఫోర్నియాలో పియర్ష్‌బాకర్, రువోస్లాతీ అనే శాస్త్రజ్ఞులు ఈ గుట్టు విప్పినారు. ఫైబ్రోనెక్టిన్ అనే పెద్ద ప్రోటీనులో కణమునకు ముఖ్యమైన గుర్తు మూడే మూడు అమైనో ఆమ్లములు: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లము. మాటలో మూడక్షరాల వంటివన్నమాట.

ఆ మూడూ ఉన్న చిన్న పెప్టైడును పరిశోధనశాలలో కణములకు తగినంత అందిస్తే, వాటి చేతులు దానితోనే నిండిపోతాయి; అసలు ప్రోటీనును పట్టుకోలేవు. కప్పలో విరిగిన తాళపుచెవి ఇరుక్కుంటే అసలు చెవి దూరనట్లే. ఆస్పార్టిక్ ఆమ్లము స్థానములో దాని దగ్గర చుట్టమైన గ్లూటమిక్ ఆమ్లమును పెడితే ఆ శక్తి పోతుంది. రెంటికీ భేదము ఒక కార్బను, రెండు హైడ్రోజను పరమాణువులే!

ఈ ఉపాయము పాములకు ముందే తెలుసు. మన దేశములోనూ తిరిగే ఎకిస్ అనే చిన్న విషసర్పము, పొలుసులు రాపాడించి చప్పుడు చేసేది, తన విషములో ఈ మూడక్షరాలే దాచుకున్నది. రక్తము గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు ఇంటిగ్రిన్ల ద్వారానే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ అతుకును అడ్డగించుటకు ఈ విషపదార్థపు ఆకృతిని అనుసరించి చేసిన టైరోఫిబాన్ అనే మందుకు 1998లో అమెరికాలో అనుమతి లభించినది. గుండె రక్తనాళములో గడ్డ పెరుగుతున్న రోగికి ఆసుపత్రిలో దీనిని రక్తములోకి ఎక్కిస్తారు. రక్తస్రావమే దీని ముఖ్యమైన ప్రమాదము.

మరి, ఆ పట్టు పుట్టుకతోనే లేకపోతే? స్విట్జర్లాండు వైద్యుడు గ్లాంజ్‌మన్ 1918లో వర్ణించిన వ్యాధి అదే. ప్లేట్‌లెట్ల లెక్క సరిగానే ఉంటుంది. వాటి చేతులే పనిచేయవు. ముక్కునుండి, చిగుళ్ళనుండి రక్తము ఒకపట్టాన ఆగదు. ఆడపిల్లలకు నెలసరి ప్రాణసంకటమవుతుంది. తల్లినుండి, తండ్రినుండి కూడా లోపమున్న జన్యువు సంక్రమిస్తేనే ఇది వస్తుంది. అరుదైనదే, కాని దగ్గర బంధువుల వివాహములు సాగేచోట ఎక్కువ. అట్టి ప్రదేశములలో దక్షిణ భారతమును కూడా వైద్యులు పేర్కొంటారు.

మనము ఊరు విడిచి వచ్చినాము గాని మేనరికము విడువలేదు. కోడలు మన మాట మాట్లాడవలెనను కోరికలో తప్పులేదు. మేనరికమును నిందించుట మా ఉద్దేశము కాదు. ఒక్క మనవి: ఇంట అట్టి బిడ్డ ఉంటే లెక్క సరిగా ఉన్నదని ఊరుకోక, ప్లేట్‌లెట్లు అతుక్కుంటున్నవో లేదో పరీక్ష చేయించండి. పన్ను తీయించే ముందు డాక్టరుకు చెప్పండి. ఆ ఇంట మరొక మేనరికము తలపెట్టేముందు జాతకములతోపాటు వైద్యుని సలహా కూడా తీసుకొనండి.