గుమ్మము దగ్గర చెప్పులు



విజయవాడ రైల్వే స్టేషనులో కొంతకాలము బ్రతికిన ఒక బాలుని బాలల సంక్షేమ సమితి మా పెంపకమునకు అప్పగించెను. పదకొండేండ్లవాడు. మంచము వేసినను పండుకొనక, చెప్పులు తలక్రింద పెట్టుకొని గుమ్మము దగ్గర నిద్రించెడివాడు. మేము నవ్వితిమి. ప్లాట్‌ఫారముమీద విడిచిన చెప్పులు తెల్లవారుసరికి ఉండవని మాకప్పుడు తెలియదు.

ఒకనాడు బీరువాలో ఉంచిన కానుక కవరు కనబడలేదు. విచారింపకయే వానిని నిలదీసితిమి. వాడు ఏడ్వలేదు, చెప్పులు తొడుగుకొనెను. మా అమ్మాయి గుమ్మమునకు అడ్డముగా కూర్చుండి, "తమ్ముడు పోతే నేనూ పోతాను" అనెను. సాయంకాలము ఆ కవరు మా బైబిలులోనే దొరికినది. పిల్లలందరి యెదుట మేమిద్దరము వానిని క్షమాపణ వేడితిమి. కొన్నాళ్లకు వాడు తన చెప్పులను మా చెప్పుల ప్రక్కన విడిచెను.

ఇట్టి సేవ చేయగోరువారికి రెండు మనవులు. వీధిలో కనబడిన బిడ్డను నేరుగా ఇంటికి తీసికొనిపోరాదు. 1098కు ఫోను చేయవలెను. 2015 నాటి చట్టము ప్రకారము 24 గంటలలో బిడ్డను సమితి యెదుట హాజరుపరచవలెను. కన్నవారు ఎక్కడనైన వెదకుచుండవచ్చును గదా!

రెండవది, బిడ్డనుండి కృతజ్ఞత ఆశింపవద్దు. సాక్ష్యము చెప్పుమని సభలో నిలువబెట్టవద్దు. వాడు మన సేవకు గురుతు కాడు, మన ఇంటి బిడ్డ. వాని నమ్మకమును మనమే సంపాదించుకొనవలెను. అందుకు కావలసిన ఓర్పును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.